కారు తలుపు మీద కన్ను

"కొట్టు నిండా టేకు తుంపులు పెట్టుకోని, టేకును రంగుతో గీస్తానంటాడే వీడు!" అని మా నాయన నవ్వాడు. నేను మద్రాసులో డ్రాఫ్ట్స్‌మన్ చదువు ముగించి వచ్చి అప్పటికి నెల అయింది. ఆ నెలలో ఆయన నవ్వడం అదే మొదలు.

చిత్తూరులో నాయనది బస్సులకూ కార్లకూ చెక్క బాడీలు కట్టే కొట్టు. ఇంజను, చక్రాలు ఉన్న ఇనుప ఛాసిస్ తెచ్చిస్తే, దాని మీద చట్రం, పలకలు, తలుపులు, కప్పు, సీట్లు అన్నీ టేకుతో కట్టి ఇచ్చేవాడు. యుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టాక సగం బస్సులు షెడ్లలోనే నిలబడిపోయాయి. మంచి టేకు దొరకడం ఆగిపోయింది. యుద్ధం ముగిసేసరికి కొట్టులో నాయన ఒక్కడే మిగిలాడు. బస్సులు కట్టిన మనిషి మంచం కోళ్లు సరిచేస్తున్నాడు.

అప్పుడు నగరి దగ్గరి ఆసామి ఒకాయన మిలిటరీ వాళ్లు అమ్మేసిన ఛాసిస్‌లు నాలుగు కొన్నాడు. తిరుపతి స్టేషనులో దిగే యాత్రికులను తిప్పడానికి వాటి మీద టేకు పలకల కార్లు కట్టించాలని ఆయనకు కోరిక. రేకు బాడీలు కట్టిస్తామని మద్రాసు నుంచి ఇంకొకరు వెంటపడుతున్నారు. ఆ పని మాకు వస్తే కొట్టు నిలబడుతుంది. రాకపోతే కొట్టు మూసి, బంగారుపాళ్యంలో మామిడికాయల పెట్టెలకు మేకులు కొట్టే కూలికి పోవాలి. ఈ సంగతి నాయన ఒక్కసారే చెప్పాడు, రంపం పళ్లకు ఆకురాయి వేస్తూ, నా వైపు చూడకుండా.

"ముందు ఒక బొమ్మ చేసి సూపీ మేస్త్రీ" అన్నాడు ఆసామి.

బొమ్మకు కొలత నేను పెట్టాను: అడుగుకు అంగుళం. పద్నాలుగు అడుగుల కారు పద్నాలుగు అంగుళాలు. ప్యాకింగు పెట్టెల తేలిక చెక్కతో నాయన దాన్ని చెక్కాడు. తలుపులు తెరుచుకునేవి, చక్రాలు తిరిగేవి. పలకలు మాత్రం నేను రంగుతో గీస్తానన్నాను. అసలు టేకును పలుచగా కోసి తలుపు మీద పెట్టి చూపించాను. ఒక్కొక్క చార తాడంత లావుగా ఉంది. కారు పన్నెండో వంతుకు తగ్గినప్పుడు చెక్కలోని చార కూడా పన్నెండో వంతుకు తగ్గాలి. ఏ చెట్టూ ఆ పని చేసిపెట్టదు. నాయన ఇంకోసారి నవ్వి, రంగు డబ్బాలు నా ముందుకు జరిపాడు.

పని వరుస నోటుపుస్తకంలో రాసుకున్నాను, ఇప్పటికీ ఉంది. గరుకు ఉప్పు కాగితంతో చెక్కను రుద్ది నునుపు చేయాలి. సుద్దా బంకా కలిపిన పూత వేసి, ఆరాక మళ్లీ నునుపు చేయాలి. లేత పసుపు నూనె రంగు రెండు పూతలు, ఒక్కోదానికి రెండు రోజుల ఆరుదల. పలకకూ పలకకూ మధ్య సందు పెన్సిలు ముల్లుతో గీయాలి. అసలు పని ఆ తర్వాతే. గోధుమ రంగును అవిసె నూనెతో పలుచన చేసి, వెంట్రుకలు పీకేసిన కుంచెతో, ఊపిరి బిగబట్టి, పలక ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క లాగులో లాగాలి. నా కుంచెలో ఏడు వెంట్రుకలు మిగిల్చాను. ఒకదానిలో ఒకటి ఒదిగిన వంపు చారలు ఒక పలకకు వస్తే, పక్క పలకకు తిన్నటి చారలే రావాలి. పక్కపక్క పలకలు ఒకే ఛాయలో ఉండకూడదు. తడి ఆరకముందే గుడ్డతో ఒక్కసారి, చారల దారినే తుడవాలి.

మొదటిసారి ఉడుత వీపులా వచ్చింది. రెండోసారి బురద. మూడోసారి అన్నీ కుదిరాయి గానీ, డ్రైవరు పక్క తలుపు నాకు నచ్చలేదు. మరీ తీరుగా ఉంది, రంగని తెలిసిపోతోంది. నిజమైన చెక్క ఎక్కడో ఒకచోట దారి తప్పుతుందనుకున్నాను. తలుపు మధ్య ఆవగింజంత నల్లచుక్క పెట్టి, చారలను దాని చుట్టూ వంచాను. మానులో కొమ్మ పుట్టిన చోట చెక్కకు అలాంటి గుండ్రటి మచ్చ ఉంటుంది. మా కొట్టులో దాన్ని కన్ను అంటారు. అది పెట్టగానే తలుపు చెక్క అయిపోయింది. నా చదువుకు అర్థం దొరికిందని ఆ పూట అనుకున్నాను.

నాయన వచ్చి వంగి చూశాడు. వేలు తలుపు దాకా పోయి, తాకకుండా ఆగింది.

"బాగుండాది" అన్నాడు. అంతే.

మరుసటి వారం ఆసామి మా కొట్టుకు వచ్చాడు. బొమ్మను పని బల్ల మీద పెట్టాం.

"ఓరబ్బా! ఇది రంగా, సెక్కా?" అని గోటితో గీకబోయి మానుకున్నాడు. "మేస్త్రీ, నీ కొడుకు దొంగనోట్లు గూడా గీస్తాడుబ్బా, జాగర్త!"

నాయన ముఖం వెలిగింది. ఆసామి బొమ్మను తిప్పుతూ డ్రైవరు పక్కకు వచ్చి ఆగాడు.

"ఇదేంది మేస్త్రీ?"

నాయన నా వైపు చూశాడు.

"కన్ను సార్. నిజం చెక్కలాగా కనపడాలని నేనే పెట్టినాను" అన్నాను.

"కనపడతానే ఉండాది లేప్పా. తలుపుకు కన్నుండే పలక యాడన్నా ఏస్తారా? మేం దొడ్డి తలుపుక్కూడా ఎయ్యమే!"

"ఒట్టి రంగు సార్. ఇప్పుడే తుడిచేస్తాను."

"రంగని నాకు తెలీదా? ఇన్ని పలకలు గీసినావు. తలుపుకాడికి వచ్చేసరికి నీకు కన్నుండే పలకే గ్యాపకానికొచ్చిందే! మీ కొట్లో అట్లాంటివి ఏస్తా ఉంటేనే గదా వచ్చేది?"

"లేదు సామీ" అన్నాడు నాయన. "నా సేత్తో ఒక్కటి గూడా ఎయ్యలేదు."

"నువ్వు మంచోడివే మేస్త్రీ. కొండకు పొయ్యే జనం ఎక్కే బండ్లు గదా. తొలి బొమ్మలోనే ఇట్లయితే నా మనసొప్పడంలా" అని ఆసామి చెప్పులు వేసుకున్నాడు. నేను బస్టాండు దాకా వెంట నడిచాను. స్కేలు గురించి, చారల గురించి ఏదేదో చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ బస్సు ఎక్కాడు. ఛాసిస్‌లు నాలుగూ మద్రాసుకు పోయాయి.

తిరిగి వచ్చేసరికి నాయన ఉలులు నూనె గుడ్డలో చుడుతున్నాడు.

"నాయనా, నువ్వు ముందే చూసినావు గదా. ఒక్క మాట చెప్పింటే తుడిచేసేవాణ్ణి."

"సూసినా" అన్నాడు. "కన్ను ఎండితే, కుదుపులకు ఊడి పడిపోతాది, తలుపుకు బొక్క పడతాది. సిన్నప్పుడే మా నాయన సెప్పినాడు. అయితే నువ్వు సదివినోడివి గదరా. బొమ్మకు అట్లా పెట్టాలని పుస్తకాల్లో ఉండాదేమో అనుకున్నా. అడిగితే, ఈయనకేం తెలుసు అంటావని అడగలా."

ఆ రాత్రి నోటుపుస్తకం తెరిచాను. మద్రాసు నుంచి వచ్చినప్పటి నుంచీ ఆయన పనిని నేను ఎన్నిసార్లు సరిదిద్దానో, ఏయే మాటలతో సరిదిద్దానో రాసి చూసుకున్నాను. పేజీ నిండింది. చింపేశాను.

కొట్టు మూశాం. నేను చిత్తూరులో ఒక ఆఫీసులో పటాలు గీస్తున్నాను. నాయన బంగారుపాళ్యంలో పెట్టెలు కొడుతున్నాడు. పోయిన ఆదివారం చూడటానికి వెళ్లాను. పాకలో వరుసగా కూర్చున్నవాళ్లలో ఆయన పెట్టెల కుప్పే చిన్నది. కొట్టిన పెట్టె అంచుల వెంట అరచెయ్యి పోనిస్తూ, పేడు లేచిన చోట గాజుపెంకుతో గీకుతున్నాడు.

"ఓ పెద్దాయనా!" అని అరిచాడు పని చేయించేవాడు. "మామిడికాయలకు గుచ్చుకోదులే, కొట్టు!"

అందరూ నవ్వారు. నాయన తలెత్తి, నేను విన్నానా అని చూశాడు. నేను విననట్టు రోడ్డు వైపు తిరిగాను. ఓరకంట చూస్తే, నాయన తర్వాతి పెట్టెకు నాలుగు మేకులు కొట్టి, తడిమి చూడకుండానే కుప్ప మీదికి విసిరాడు.