మట్టి అంటని బంతి

మీ పిల్ల చదివే బడిలో బంతి ఏ గదిలో ఉంటుందో, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో మీకు తెలుసా? నాకు తెలిసింది మొన్నీమధ్యే, అదీ అనుకోకుండా. కొత్తపేట దగ్గర ఒక బడిలో పిల్లలకి మూఢనమ్మకాల గురించి నాలుగు మాటలు చెప్పమంటే వెళ్ళాను. మైకు కోసం ఇనప బీరువా తెరిచారు. గుప్పున కొత్త రబ్బరు వాసన వచ్చింది. పై అరలో చిన్నవీ పెద్దవీ బంతులు, ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి ఉంది. ఒకటి తీసి తిప్పి చూశాను. గీత లేదు, మట్టి లేదు, అరటి మరక లేదు. పిల్లల చేతికిస్తే పాడైపోతాయని భద్రంగా ఉంచామండీ అన్నారు పక్కనున్న ఉపాధ్యాయుడు, నేను మెచ్చుకుంటాననుకుని. అదే గదిలో గోడకి అంటించిన కాగితంలో వ్యాయామ విద్యలో ఒక తరగతి పిల్లలందరికీ మంచి గ్రేడే ఉంది. నేను దేన్నీ తొందరగా నమ్మే మనిషిని కాను. మట్టి అంటని బంతిని అసలే నమ్మను.

ఆ వాసన మాత్రం నన్ను మూడో తరగతికి లాక్కుపోయింది. కాలవగట్టు మీద నడిస్తే కొత్తపేటకి రెండు మైళ్ళు మా ఊరు. వానలు వెనకపట్టాక పెరడంతా నానిన కొబ్బరిపీచు వాసన, రావులపాలెం వెళ్ళే బళ్ళలో పచ్చి అరటిగెలల మీద కప్పిన ఎండాకు చప్పుడు, మధ్యాహ్నం అమ్మ ఆవపెట్టి వండిన కంద బచ్చలి కూర ఘాటు, అట్లతద్దికి వేసిన ఉయ్యాల తాళ్ళు విప్పకముందే ఎవరు ఎక్కువసేపు ఊగాలా అని మా తగువులు, ఇవన్నీ కలిసిందే నాకు ఆ కాలం. వీటన్నిటి మధ్యలో చావిట్లో పీట మీద మా నాయనమ్మ ఉండేది, చేతిలో తాటాకు విసనకర్రతో. ఆ విసనకర్ర గాలికి ఎంత ఉపయోగపడేదో మా చేతులకీ అంతే ఉపయోగపడేది. బెల్లం ముక్క గానీ, తాటిముంజె గానీ, గుళ్ళో పెట్టిన పులిహోర గానీ, ఎవరు ఏది ఇచ్చినా కుడిచేత్తోనే అందుకోవాలి. ఎడమచెయ్యి ముందుకొచ్చిందో, కాడ ఠపీమని వేళ్ళ మీద పడేది. నాకు ఊహ వచ్చేసరికే నా ఎడమచెయ్యి, ఎవరూ చెప్పకుండానే, పరికిణీ వెనక దాక్కోవడం నేర్చుకుంది.

ఆ ఏడు మా బడికి మార్తమ్మ టీచరు వచ్చారు. రాజోలు వైపు మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవారు, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మాతో పాటు ఇసకలో పరిగెత్తేవారు. డ్రిల్లు పీరియడులో అందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఇటికరంగు రబ్బరు బంతి ఒక్కొక్కరికీ విసిరేవారు. అందరిలోకీ ఎక్కువసార్లు జారవిడిచేదాన్ని నేనే. బంతి దగ్గరికి రాగానే కళ్ళు మూసుకునేదాన్ని, మొహం పక్కకి తిప్పేదాన్ని, కుడిచెయ్యి ఒక్కటే దోసిలి పట్టినట్టు చాచేదాన్ని. అది వేళ్ళకి తగిలి దొర్లిపోయేది. పిల్లలు నాకు చిల్లుచేతుల సరోజ అని పేరు పెట్టారు.

ఆ పేరు బళ్ళోనే ఆగిపోతే ఇది రాయవలసిన పనే లేదు. ఇంటికి చేరింది. నాయనమ్మ దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. మజ్జిగ కుండ పగిలితే నా చేతులు, గుడ్లు పెట్టే కోడిని ముంగిస పట్టుకుపోతే నా చేతులు. ఈ పిల్ల చేతిలో ఏదీ నిలవదని తీర్మానించింది. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు పుట్టాడు. పక్కింటి పిల్లలు వచ్చి ఎత్తుకున్నారు, పాలు పోసేవాళ్ళ అమ్మాయి ఎత్తుకుంది. నేను చేతులు చాస్తే నాయనమ్మ మంచానికి అడ్డం వచ్చి నిలబడింది.

"బంతే నిలవదు దీని చేతిలో. పిల్లోణ్ణిస్తే ఇంకేవన్నా ఉందా?"

 నేను రోజూ దూరంగా కూర్చుని వాడి పిడికిళ్ళు చూసేదాన్ని. వాడు గాలిలో దేన్నో పట్టుకోవాలని చూసేవాడు, రెండు చేతులతోనూ.

ఆ నెలంతా మా ఇంట్లో అనుమానాలే. బంతికి నూనె రాశారేమోనని నాకు అనుమానం. టీచరు నాకే గట్టిగా విసురుతున్నారేమోనని చాటుగా మిగతావాళ్ళకి ఎలా విసురుతారో గమనించేదాన్ని. నాయనమ్మ అనుమానం ఇంకా దూరం వెళ్ళింది: చర్చికెళ్ళే మనిషి, ఏ బంతి మీద ఏం చదివి ఇస్తోందో ఎవరికి తెలుసు! ఉప్పలగుప్తం వైపు నుంచి ఎవరో తాయెత్తు తెచ్చి ఇచ్చారు. ఎర్రతాడుకి రాగిరేకు. నా మణికట్టుకి కట్టారు. మర్నాడు బంతి తాయెత్తుకి తగిలి మరీ దొర్లిపోయింది. నాకు నమ్మకం చాలలేదంది నాయనమ్మ.

ఒక శనివారం మార్తమ్మ టీచరు మా ఇంటికి వచ్చారు. నాయనమ్మ మర్యాదకి లోటు చెయ్యలేదు, రండి కూర్చోండి అంది. కానీ మంచినీళ్ళ గ్లాసు ఆవిడ చేతికివ్వలేదు, అరుగు మీద పెట్టింది. టీచరు ఒక్క క్షణం గ్లాసు వంక చూసి, తీసుకుని తాగారు. పెరట్లో కొబ్బరి కూలీ పల్లయ్య వాళ్ళు లారీకి కొబ్బరికాయలు ఎక్కిస్తున్నారు. రాశి దగ్గరున్నవాడు జతలుగా విసురుతుంటే పల్లయ్య లారీ మీద నిలబడి మాట్లాడుతూనే అందుకుంటున్నాడు, ఒక్కటీ కింద పడకుండా. టీచరు ఎంతసేపు చూశారో! ఎలా పడుతున్నావయ్యా అని అడిగారు.

"పట్టేదేవుందండి టీచరమ్మగారూ. వచ్చేదాన్ని రానిచ్చి, దాంతోపాటు మనవూ కొంచెం ఎనక్కెళ్తావండి. ఎదురెళ్తే దెబ్బ తగుల్తాదండి."

"రెండు చేతులతోనా?"

"ఆయ్. ఒంటిచేత్తో ఎవడు పడతాడండి?"

టీచరు నా వైపు తిరిగి, చేతిరుమాలు ఉండచుట్టి మెల్లిగా విసిరారు. పడేశాను. మళ్ళీ విసిరారు. మళ్ళీ పడేశాను. అప్పుడు అడిగారు, నీ ఎడమచెయ్యి ఎక్కడికి పోయిందే అని. చూసుకుంటే అది పరికిణీ వెనక ఉంది. నాకే తెలియదు. నాయనమ్మ మాత్రం మురిసిపోయింది.

"ఆమాత్రం పద్ధతి మేం నేర్పేవండి మరి. ఎడంచెయ్యి చాస్తే మేం ఊరుకుంటావా?"

 సోమవారం టీచరు బళ్ళో అందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ అదే రుమాలు విసిరారు. మాలో సగంమంది ఎడమచేతులు వీపు వెనకే ఉన్నాయి. ఆ రోజు నుంచి రబ్బరుబంతి పక్కన పెట్టేశారు. అరటినారతో పెద్ద ఉండ చుట్టారు, తగిలినా నొప్పి పుట్టదు. ముందు కాళ్ళు బారచాపి ఎదురెదురుగా కూర్చుని దొర్లించుకోమన్నారు. తరవాత మోకాళ్ళ మీద, తరవాత నిలబడి నేలకి కొట్టి. ఉండ మీద సున్నంతో చుక్క పెట్టి, పట్టుకోకపోయినా ఫరవాలేదు, చుక్క ఎటు తిరిగిందో చెప్పండి చాలన్నారు. చుక్క కోసం చూసినవాళ్ళం కళ్ళు మూసుకోవడం మరిచిపోయాం. మొదట్లో గుండెకి హత్తుకుని ఆపేవాళ్ళం, తరవాత వేళ్ళతోనే ఆగేది. పల్లయ్య మాట మాకందరికీ పాఠమయింది, ఎదురెళ్ళకండి, దాంతోపాటు వెనక్కి రండి అని. అట్లతద్దికి తిన్న అట్లు అరిగేసరికి అసలు రబ్బరుబంతే నా రెండు చేతుల మధ్య చప్పుడు చేసి ఆగింది.

తాయెత్తు పని చేసిందంది నాయనమ్మ. నాకు కోపం వచ్చింది. తాయెత్తుతో పదిసార్లు, విప్పి పక్కన పెట్టి పదిసార్లు పట్టి చూపించాను, ఆవిడ ఎదురుగానే. తేడా లేదు. దాని మహిమ మణికట్టుకి ఇంకిపోయిందే పిచ్చిదానా అంది. అప్పటి నుంచీ నేను సభల్లో ఎందరితోనో వాదించాను గానీ, అంత గట్టి ప్రత్యర్థి మళ్ళీ తగల్లేదు.

అయినా ఒక మధ్యాహ్నం నన్ను మంచం మీద గోడకి ఆన్చి కూర్చోబెట్టి, తమ్ముణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను అలవాటుగా కుడిచెయ్యి ఒక్కటే చాచాను. బళ్ళో పోయిన భయం ఆవిడ ముందు మళ్ళీ వచ్చింది.

"ఎడంచెయ్యి పెట్టవే. ఎడంచెయ్యి మెడ కింద. మెడ వాలిపోదూ?" అని గదమాయించింది నాయనమ్మ.

విసనకర్ర కాడతో ఏళ్ళ తరబడి ఆవిడ వెనక్కి తోసిన చెయ్యి అది. దాన్ని వాడి మెడ కింద పెట్టాను. అక్కడ వెచ్చగా చెమటపట్టి ఉంది. ఆ తరవాత వారం పిల్లాణ్ణి చూడ్డానికి మార్తమ్మ టీచరు వచ్చినప్పుడు, నీళ్ళ గ్లాసు మళ్ళీ అరుగు మీదే పెట్టింది నాయనమ్మ. నేను అందుకోవడం నేర్చుకున్నాను. ఆవిడ అందివ్వడం నేర్చుకోలేదు. అమ్మ చూస్తుండగా ఆ గ్లాసు నేనే తీసి టీచరు చేతికిచ్చాను. అరటినార ఉండ అందించినట్టు, రెండు చేతులతో.

ఇప్పుడు ఆ పెరడు చెరువైంది, రొయ్యలకి గాలి కొట్టే చక్రాలు రోజంతా తిరుగుతుంటాయి. బడి ముందరి ఇసక మీద సిమెంటు పోశారు, పడితే మోకాలు చెక్కుకుపోతుంది. అరటినార ఉండ చుట్టగలిగిన పిల్ల మా ఊళ్ళో ఒక్కతీ లేదు. డ్రిల్లు పీరియడు కాగితం మీద ఉంది, దాంట్లో లెక్కలు చెబుతున్నారు. నాయనమ్మ విసనకర్ర పోయిందనుకుంటున్నారు కదూ? నాకు నమ్మకం లేదు. బంతి పడేసిన పిల్లని చూసి ఇది దీనికి రాదు, పుట్టుక అంతే అని తేల్చేసే పెద్దవాళ్ళ నోళ్ళలో దాని కాడ ఇంకా ఉంది.

అందుకే నా మాట కూడా నమ్మకండి. ఈ సాయంత్రం మీ పిల్లకి ఒక గుడ్డ ఉండ మెల్లిగా విసిరి, ఎడమచెయ్యి ఎటు పోతుందో మీ కళ్ళతో చూడండి. రేపు బడికి వెళ్ళి, బీరువా తెరవమనండి. కవరు విప్పించి, ఆ బంతిని మీరే మట్టిలోకి విసరండి.