సీరియస్ అంటే కోపం

మా ఇంట్లోకి సీరియస్ అనే మాటను తెచ్చింది నేనే. యాలాల్ అవతల మా ఊరి బడిలో లెక్కలు తప్పు చేస్తే సారు బెత్తం అందుకునేవాడు. ఇంటికొచ్చి అమ్మతో, "ఇయ్యాల సారు మస్తు సీరియస్ అయిండే" అని చెప్పేదాన్ని. అమ్మ బడి మొహం చూసిన మనిషి కాదు. పెళ్లికి ముందూ తర్వాతా గొర్ల మంద వెనకే తిరిగింది. ఆ మాట ఎందుకో ఆమెకు బాగా నచ్చింది. కూరలో ఉప్పెక్కువైందని నాయిన పళ్లెం నెట్టేస్తే, "అబ్బో, మీ నాయిన సీరియస్ అయిండు" అని మాకు కన్నుగీటేది. పొట్టేలు కొమ్ములు వంచి మీదికొస్తే అదీ సీరియస్సే. ఉరిమితే మొగులు సీరియస్ అయినట్టే.

తమ్ముడు పెద్దయ్యాక ఆ మాటను ఇంకో రకంగా వాడాడు. వాడు నవ్వులాటల మనిషి, ఏం చెప్పినా ఎవరూ నమ్మేవాళ్లు కాదు. అందుకని, "సీరియస్‌గ చెప్తున్ననే అమ్మా" అని మొదలుపెట్టేవాడు. "కోపంగ ఎందుకురా, నిమ్మలంగ చెప్పు" అనేది అమ్మ. నాకు సంబంధం తెచ్చిన పెద్దమనిషి, "పిల్లగాడు సీరియస్ టైపు, తాగుడు తిరుగుడు ఏం లేవు" అన్నప్పుడు అమ్మ మొహం వాడిపోయింది. కోపిష్టోనికి పిల్లనెట్లా ఇస్తామని నాయినతో గొడవపడింది. నేను ఆయన్నే చేసుకున్నాను. ఇప్పటికీ అమ్మ మా ఆయన ముందు గొంతు తగ్గించే మాట్లాడుతుంది.

ఆ మాటకు దవాఖానలో ఇంకో అర్థం ఉందని ఆమెకు తెలిసే అవసరం రాలేదు. నాయిన ఒకనాటి మధ్యాహ్నం మంద మేపుతూనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఏ డాక్టరూ చూడకుండానే పోయాడు. మా ఊళ్లో ఎవరికైనా అట్లాంటి గతి వస్తే పానం మీదికొచ్చింది అంటారు. అమ్మకు తెలిసిన మాట అదొక్కటే.

నాయిన పోయాక తమ్ముడు కొన్నేళ్లు మందను కాశాడు. మేపే జాగాలు తగ్గిపోతుంటే విసుగొచ్చి తాండూరులో బండల ఫ్యాక్టరీలో చేరాడు. భూమిలోంచి తీసిన షాబాద్ బండలను అక్కడ కోసి, నునుపు చేసి, లారీల్లోకి ఎత్తుతారు. పొద్దున బండి మీద వెళ్లి, సాయంత్రానికి కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ముతో ఇంటికొచ్చేవాడు. మంద అమ్మ మీద పడింది. నేనప్పటికే వికారాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ చెప్తూ అక్కడే కాపురం ఉంటున్నాను.

ఆ రోజు పొద్దున ఇద్దరికీ మాటా మాటా పెరిగిందని అమ్మ తర్వాత చెప్పింది.

"మోకాళ్లు పట్టుకుంటున్నయ్ అంటవ్, మల్ల మంద ఇడువనంటవ్. అమ్మేద్దమే" అన్నాడట తమ్ముడు.

"మీ నాయిన సాకిన జీవాలు. నా కండ్ల ముంగట అమ్మనియ్య."

"గట్లయితే నువ్వే ఉండు వాటితోని. నేను తాండూర్లనే రూం తీస్కుంట. ఇగ ఇంటికి రాను."

జొన్న రొట్టె ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీలో గోడకు వరుసగా నిలబెట్టిన బండలు ఒరిగి వాడి మీద పడ్డాయి. పైకి పెద్దగా నెత్తురు కనపడలేదు. దెబ్బంతా కడుపు లోపల. వాడితో పనిచేసే తాండూరు అబ్బాయి ఒకతను వాడిని ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు, బయట తెలుగు. ఇద్దరూ ఒకే డబ్బాలో తినేంత దోస్తులు. డాక్టరు చూసి, చాలా సీరియస్‌గా ఉంది, హైదరాబాద్ తీసుకుపోవాలి, ముందు ఇంటివాళ్లను పిలిపించమన్నాడట. అతను తమ్ముడిని అమ్మ నంబరు అడిగి, ఆ కంగారులో డాక్టరు నోట్లో మాటనే తన ఫోన్‌లో ఆమెకు చేరవేశాడు.

"అమ్మా, నేను మీవోని దోస్తును. మీవోడు బాగ సీరియస్ ఉన్నడు. జర జల్ది రా."

అమ్మకు పొద్దుటి గొడవ గుర్తొచ్చింది. రాజీ చేయడానికి ఎవరో దోస్తు ఫోన్ చేశాడనుకుంది.

"ఉంటే ఉండనీ బిడ్డా. పొద్దుగాల్నించి గట్లనే ఉన్నడు. నేనొస్తే ఇంక ఎక్కువైతది. నువ్వే జర సముదాయించు" అంది.

అతనికి ఏమీ అర్థం కాలేదు. మళ్లీ ఏదో చెప్పబోతుంటే లోపల్నించి నర్సు పిలిచింది. ఫోన్ పెట్టేసి పరుగెత్తాడు. తిరిగి చేసేసరికి అమ్మ ఫోన్ గూట్లో పెట్టి, గొర్లకు నీళ్లు పట్టడానికి వెళ్లింది. వెళ్లేముందు కోడిగుడ్ల పులుసు వండి మూత పెట్టింది. అది తమ్ముడికి ఇష్టం.

అమ్మ ఎంతకీ ఎత్తకపోయేసరికి అతను తమ్ముడి ఫోన్ తీసుకున్నాడు. అప్పటికి వాడికింకా తెలివి ఉంది. వాడే వేలు పెట్టి ఫోన్ తెరిచి నా నంబరు చూపించాడట. నేను ఆఖరి పీరియడ్‌లో ఉన్నాను.

"మేడమ్, మీ తమ్ముడు సీరియస్. దవాఖానల ఉన్నడు. మీ అమ్మకు చెప్పిన గని ఆమె వస్తలేదు."

వరండాలోకి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. కట్ చేసి మళ్లీ చేస్తే ఆయాసపడుతూ ఎత్తింది.

"అమ్మా, తాండూరు ఎందుకు పోలేదు?"

"ఎందుకు పోవాల్నే? గా పోరడు నీగ్గూడ చేసిండా? తమ్ముడు మస్తు సీరియస్ ఉన్నడంట. ఉండనీ. గుడ్ల పులుసు పెట్టిన, ఆకలైతే వాడే వస్తడు."

పక్క గదిలో పిల్లలు ఎక్కాలు అప్పజెప్తున్నారు.

"అమ్మా, సీరియస్ అంటే కోపం కాదే."

"మల్లేంది?"

"పానం మీదికొచ్చిందని."

వెనక గొర్లు అరుస్తున్నాయి. "నువ్వే చెప్తివి గదనే, కోపమని" అంది అమ్మ. నన్ను తప్పుపట్టినట్టు కూడా లేదు ఆ గొంతు. ఏదో సరిచూసుకుంటున్నట్టు ఉంది. తర్వాత ఫోన్ కింద పడిన చప్పుడైంది.

పక్కింటాయన బండి మీద అమ్మ తాండూరు చేరేసరికి తమ్ముడికి మాట పడిపోయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఇంటివాళ్లు వచ్చేదాకా ఆపిన అంబులెన్స్ అప్పుడు కదిలింది. వికారాబాద్ మీదుగానే పోవాలి కాబట్టి దారిలో నన్ను ఎక్కించుకుంటామన్నారు. నేను మా ఆయనతో కలిసి రోడ్డు మీద నిలబడ్డాను. ఎదురుగా పూల దుకాణంలో దీపాలు వెలిగించారు. ప్రతి లారీ వెనకా సైరన్ వినపడుతుందేమోనని చూశాను. మా దాకా రాకముందే, ధారూర్ దాటాక వాడి ఊపిరి ఆగిపోయింది. అంబులెన్స్ మెల్లగా, చప్పుడు లేకుండా వచ్చి మా ముందు ఆగింది.

తలుపు తీస్తే అమ్మ వాడి పాదాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందుల్లో ఉన్న తెల్లటి దుమ్మును కొంగుతో తుడుస్తోంది. నన్ను చూసి కూడా ఆపలేదు.

తర్వాత నేను తాండూరు వెళ్లి ఆ డాక్టరును అడిగాను. లోపల నెత్తురు ఆగకుండా పోయింది, మీ అమ్మ వెంటనే వచ్చినా బతికేవాడు కాదన్నాడు. నిజమో, నా కోసం అన్నాడో తెలియదు. ఆ మాట అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో. ఒకసారి నా చెయ్యి పక్కకు నెట్టింది.

"పానం సంగతి కాదే. వాడు కోపంగున్నడని నేననుకున్న. నేను కోపంగుండి రాలేదని వాడనుకున్నడు. గట్లనే పోయిండు."

ఆ తర్వాత డాక్టరు మాట నేను మళ్లీ ఎత్తలేదు.

దినాల నాడు ఆ దోస్తు మా ఊరొచ్చాడు. వాకిట్లోనే నిలబడిపోయాడు. అమ్మ లోపలికి పిలిచి చాప వేసింది. అతను తల దించుకుని ఏడ్చాడు.

"దవాఖాన అని ఒక్క మాట అనకపోతి అమ్మా. డాక్టర్ ఏదంటే గదే అన్న. దిమాక్ పనిచెయ్యలే."

"నీ తప్పేముంది కొడుకా" అంది అమ్మ. ఆ వెంటనే, "వాడేమన్న అడిగిండా?" అంది.

అతను నా వైపు చూశాడు. చెప్పమన్నట్టు తలూపాను.

"అమ్మొస్తుందా అని అడిగిండు. రెండు మూడుసార్లు. వస్తుంది, తొవ్వల ఉంది అని చెప్పిన. అప్పటికి నువ్వు ఫోనే ఎత్తుతలేవు. అబద్ధం చెప్పిన అమ్మా."

అమ్మ అతని రెండు చేతులూ దగ్గరికి లాక్కుని కళ్లకద్దుకుంది.

"మంచిగ చెప్పినవ్ కొడుకా" అంది. ఆ రోజు అతనికి తనే అన్నం పెట్టింది. తినేదాకా పక్కన కూర్చుంది.

మందను బంట్వారం వైపు వాళ్లెవరో కొని తోలుకుపోయారు. అమ్మ గుమ్మం దాటి చూడలేదు. ఇల్లు తాళం వేసి ఆమెను వికారాబాద్ తెచ్చుకున్నాను. ఇక్కడ ఆమెకు పని లేదు, తెలిసిన మొహం లేదు. ఎవరైనా మాటల్లో ఇంగ్లిష్ ముక్క వాడితే మధ్యలో ఆపుతుంది. అంటే ఏంది, అంటుంది. టీవీ బాగుచేసే అతను సిగ్నల్ అన్నా అడుగుతుంది, గ్యాస్ బండ తెచ్చినతను లీకేజీ అన్నా అడుగుతుంది. పిల్లలు మొదట్లో నవ్వేవాళ్లు. ఇప్పుడు నవ్వరు.

మొన్న మోకాళ్ల కోసం దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ చిన్నపిల్ల. ఎక్స్‌రే వెలుతురుకెత్తి చూసి, "మరీ ఎక్కువేం లేదు, ఏజ్ ప్రాబ్లమ్" అంది.

"అంటే ఏంది?"

"ముసలితనం అమ్మా."

"ఎన్నాళ్లుంటది?"

డాక్టరమ్మ మందులు రాసిచ్చింది. బయటికొచ్చి ఆటో కోసం నిలబడితే తాండూరు బస్సు మా ముందు నుంచి వెళ్లింది. అమ్మ ఆ వైపు చూడకుండా ముఖం తిప్పుకుని, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.