తోడికోడలి టమాటా వేర్లు

నాకు మా తోడికోడలంటే కుళ్లు. ఇప్పటికీ. ఆమె మంచిది కాకపోయి ఉంటే ఇంత కుళ్లు ఉండేది కాదేమో.

మల్దకల్ దాటి లోపలికి పోతే మా ఊరు. ఎర్ర చెలక, ఒక్కటే బోరు. మామ పోయాక పొలం అన్నదమ్ములిద్దరికీ పంచి మధ్యలో గెట్టు వేశారు. బోరు మాత్రం ఉమ్మడిదే. పంచనిది ఇంకొకటి మిగిలింది, మా అత్త నారుమడి. ఇంటి వెనక దడి కట్టిన చిన్న మడి. అందులో ఆమె నాటు టమాటా నారు పోసేది. ఊరంతా నారుకు అక్కడికే వచ్చేది. అత్త పైసా తీసుకునేది కాదు. తొలి కాపు కోయగానే, నారు తీసుకుపోయిన ప్రతి ఇల్లాలూ ఒడినిండా టమాటాలు తెచ్చి ఆమె ముందు పోసి పోవాలి. అది పద్ధతి. అరుగు మీద ఎర్రటి కుప్ప ముందు మహారాణిలా కూర్చున్న అత్తను చూసి, కాపురానికి వచ్చిన ఏడే అనుకున్నాను, రేపు ఆ చోటు నాదేనని. పెద్దకోడలిని నేను కదా.

మోకాళ్లు పట్టేసి వంగలేకపోతున్నప్పుడు అత్త ఆ మాట తీసింది. "పెద్దది, సిన్నది అని నేను జూడ. ఈ యేడు ఎవరి టమాట ఎండకు నిలుస్తదో ఆమెకే మడి ఇస్త." ఉచిత కరెంటు వచ్చిన కొత్త అది. ఊళ్లో అందరూ మోటర్లు ఆపకుండా నడపడంతో మా బోరు అప్పటికే గాలి కక్కుతుండేది. ఎండ మాట ఎత్తింది అందుకే.

వానాకాలం చివర మల్దకల్‌లో ఆడవాళ్లకు కూరగాయల సాగు మీద శిక్షణ పెడితే ఇద్దరం కలిసే పోయాం. అక్కడికొచ్చిన సారు వేరును పట్టుకుని బతికే ఒక బూజు గురించి చెప్పాడు. బూజు అనగానే అందరం నవ్వాం. "ఇది చెరుపు చేసే బూజు కాదమ్మా. మొక్క దీనికి తిండి పెడుతుంది. ఇది కంటికి కనపడనంత సన్నటి పోగులు మట్టిలో దూరందాకా చాపి, తేమనూ భాస్వరాన్నీ తెచ్చి మొక్కకిస్తుంది. మీరే బస్తాలకొద్దీ భాస్వరం కుమ్మరిస్తే మొక్కకు దీనితో పని ఉండదు, దగ్గరికి రానివ్వదు," అన్నాడు. చివర్లో తలా ఒక సంచి ఇచ్చాడు. చూడటానికి ఉత్త మట్టిపొడి.

చెల్లె, అంటే మా తోడికోడలు, విన్నది విన్నట్టే చేసింది. ముందు ఎరువు కోసం చేన్లో గొర్ల మంద పెట్టించింది. నాటే గుంతలో ఆ పొడి వేసింది. పిండి బస్తా ముట్టలేదు. ఎరువుల బస్తాను మా దగ్గర అలాగే అంటాం. నేనూ పొడి వేశాను, ఆమెకన్నా తక్కువ ఉండకూడదని. దాని మీద భాస్వరం ఉన్న డీఏపీ కూడా వేశాను, ఆమెకన్నా ఎక్కువ ఉండాలని. ఆమెకు ఒకటే బలం, నాకు రెండు బలాలు. సారు మాట నాకు వినపడక కాదు. పక్కన కూర్చుని ఆమె బుద్ధిగా తలూపుతుంటే ఒళ్లు మండింది, ఆమె ఒప్పుకున్నదాన్ని నేనెందుకు ఒప్పుకోవాలనిపించింది.

మొదట్లో నాదే పైచేయి. నా చెట్లు నల్లగా నిగనిగలాడుతూ గుబురుగా లేచాయి. ఆమెవి బక్కగా ఉండేవి. దారిన పోయేవాళ్లు నా గెట్టు దగ్గరే ఆగి, "ఏమేసినవ్ వదినా?" అని అడుగుతుంటే, ఆమెకు వినపడేట్టు గొంతు పెంచి జవాబు చెప్పేదాన్ని. పైన యూరియా కూడా చల్లాను. అత్త కట్టె పట్టుకుని వచ్చి చూసి, "ఆకు మస్తుంది. ఆకుతోని కూరొండుతవా ఏంది?" అని పోయింది.

శివరాత్రి రాకముందే ఎండ ముదిరింది. బోరు సన్నగిల్లింది. వంతు నీళ్లు సాలు చివరికి చేరేవి కావు. నా చెట్లు పొద్దు నెత్తికెక్కకముందే తలలు వాల్చేవి. పూతంతా మొదళ్లలో రాలిపడేది. గెట్టు అవతల, అదే బోరు, అవే వంతులు, ఆమె చెట్లు మిట్టమధ్యాహ్నం కూడా నిలబడే ఉండేవి, గుత్తులు గుత్తులుగా కాయతో. నాకు అన్నం సయించలేదు. దొంగతనంగా నీళ్లు మలుపుకుంటోందేమోనని కాలువ వెంబడి నడిచి చూశాను. మలుపుకోవడం లేదు. మలుపుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఆమె అన్నానికి ఇంటికి పోయినప్పుడు గెట్టు దాటి ఆమె చెట్టొకటి పీకబోయాను. రాలేదు. బలం కొద్దీ గుంజితే మట్టిపెళ్లతో సహా లేచింది. విదిల్చినా వేర్లకు పట్టిన మట్టి రాలలేదు. నా వైపు వచ్చి నాదొకటి పీకాను. ఇట్టే వచ్చింది, కడిగినట్టు శుభ్రంగా, పొట్టి వేర్లతో. బూజు కంటికి కనపడదు, కానీ సంగతి అర్థమైంది. నేను కూర్చోబెట్టి పెట్టాను, నా చెట్లు తిని కూర్చున్నాయి. తెచ్చిపెట్టేదాన్ని గడప తొక్కనివ్వలేదు.

సాయంత్రం చెల్లె సాలులో సందు చూసింది. "అక్కా, ఒక చెట్టు పోయింది, జూసినవా?"

"నాకేం తెల్సు? అడివిపంది గిట్ల వచ్చిందేమో."

ఆమె నా గోళ్లలోని మట్టి చూసింది. "వేర్లు జూడాల్నంటే నన్నడుగక్కా, నేనే తవ్వి ఇస్త. గుంజితె తెగుతయి," అంది. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. ఆ సుఖం కూడా దక్కనివ్వలేదు.

కాపు అయిపోయాక అత్త నారుమడి విత్తనాల మూట ఆమె చేతిలో పెట్టింది. "పెద్దదానా, మనసుల పెట్టుకోకు," అంది నాతో. మనసులో కాక ఇంకెక్కడ పెట్టుకోవాలి?

మరుసటి ఏడు, ఊళ్లో ఎవరికంటే ముందు చెల్లె నాకే నారు తెచ్చింది, తడి మట్టితో సహా. "వేరు మట్టి రాల్చకక్కా, బూజు అండ్లనే ఉంటది. మీ చేన్ల పోయినేటి పిండి ఇంక ఉంటది, జర ఈసారి ఏం ఎయ్యకు," అంది. వద్దనాలని నోటిదాకా వచ్చింది. చేను ఖాళీగా ఉంది, తీసుకున్నాను. ఆ మొక్కలు నిలిచాయి. కాయలు కూడా బాగా కాశాయి. నా మట్టిలో పాకింది కూడా ఆమె బూజే అనుకుంటే అదో మంట.

తొలి కాపు కోశాక పద్ధతి తప్పలేను కదా. ఒడినిండా టమాటాలు వేసుకుని పోయాను. అరుగు మీద చెల్లె, ముందు ఎర్రటి కుప్ప. నావి కుప్పలో కలవకుండా కాస్త ఎడంగా పోశాను. ఆమె రా కూర్చో అక్కా అంటూనే చేయి చాపి వాటిని కుప్పలోకి జరుపుకుంది. ఆ తర్వాత ఏవి నావో నాకే తెలియలేదు.