ఎడమ పక్క కారు

నేను పోయిన నెల పన్నెండు దినాలు ఒక కారుని కడిగి, గీకి, రంగేసి, అద్దం మాదిరి చేసినాను. అంతా అయినాక తెలిసింది, అది నేను తాకాల్సిన కారే కాదని. నవ్వద్దండప్పా, ముందు ఈ టీ తాగనీయండి. భుజాల నొప్పి ఇంకా పోలేదు. గలాసు ఎత్తాలన్నా రెండు చేతులూ కావాల్సొస్తా ఉండాది.

చంద్రగిరి పక్కన ఒక పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు ఉండారు. ఊళ్ళో పెద్దనాయుడు, చిన్ననాయుడు అంటారు. వాళ్ళ నాయన బతికున్నప్పుడు ఇద్దరికీ ఒకే మాదిరి రెండు కార్లు మద్రాసు నుంచి ఒకే దినం తెప్పించినాడు. రెండూ ముదురు ఆకుపచ్చ. ఎవరికీ ఎక్కువ తక్కువ కాకూడదని ఆయన ఉద్దేశం. ఆయన పోయినాక భాగాలు పంచుకున్నారు. ఆ పంచుకోవడంలో బావి కాడ మాటా మాటా పెరిగింది. మూడేండ్లుగా ఒకరితో ఒకరు పలకరు. ఇంటి నడుమ గోడ లేచింది. కార్లుండే కొట్టానికి మాత్రం గోడ పెట్టలేదు. పెడితే ఏ కారూ బయటికి రాదు కాబట్టి.

యుద్ధంలో పెట్రోలు చీటీల మీద ఇస్తా ఉండిరి కదా, కార్లు రెండూ ఆ కొట్టంలోనే పడుండాయి. ఒకరిని చూసి ఒకరు నెలకోసారి ఇంజను మాత్రం ఆడించి పెట్టేవాళ్ళు. పైన రంగుని ఎవరూ పట్టించుకోలేదు. కోళ్ళు ఎక్కి పడుకునేవి. లైట్లకి యుద్ధంలో వెలుతురు పైకి కనపడకూడదని పూసిన నల్లరంగు అట్లే ఉండాది.

ఇట్లుండగా చిన్ననాయుడు తిరుపతిలో నేను కార్లకి రంగేసే షెడ్డుకి వచ్చినాడు.

"దేవసహాయం, మా అమ్మని కొండకి తీసకపోవాల. ఆమె మెట్లెక్కలేదు. డోలీ అంటే, నన్ను మనుషులు మోయడమేందిరా అంటుంది. ఇప్పుడు కారు రోడ్డు పడింది గదా. వచ్చే నెల రెండో శనివారం నా కారులో పోవాల. పాతరంగు ఏమాత్రం కనపడకూడదు. వంకాయ రంగెయ్."

"వంకాయ రంగా సామీ?"

"మా అన్నది ఆకుపచ్చ. నాది ఇంకొకటిగా ఉండాల."

ఆయన పెండ్లాన్ని కంటి వైద్యానికి మద్రాసు తీసకపోతా ఉండాడు, రెండు వారాలు ఊళ్ళో ఉండడు. కొట్టం తాళంచెవి నా చేతిలో పెట్టినాడు. "రెండు కార్లుంటాయి. లోపలికి పోతానే ఎడమ పక్కది నాది. కుడి పక్కదాని మీద నీ గుడ్డ పడినా మా అన్న పంచాయితీ పెడతాడు, జాగ్రత్త" అన్నాడు.

కారు నంబరు అడిగుండొచ్చు. అడగలేదు. ఎడమంటే ఎడమే, దీంట్లో అడిగేదేముంది అనుకున్నాను.

మరుసటి దినం పొద్దున రైలుకి పోయినాను. ముందు తలుపు తాళం బిగుసుకుపోయి తిరగలేదు. నూనె పోసినా లాభం లేదు. సరేలే అని చుట్టూ తిరిగి వెనక సందులోకి పోతే, కొట్టానికి ఆడ కూడా ఒక తలుపుండాది, గడియ మాత్రమే. తీసి లోపలికి పోయినాను. ఎడమ పక్క ఒక ఆకుపచ్చ కారు. పని మొదలుపెట్టినాను.

మీకు అర్థమైపోయింది కదా. నాకు కాలేదు. కార్ల మూతులు రెండూ అటుపక్కకి, వీధి తట్టుకి తిరిగి ఉండాయి. నేను వాటి వెనకపక్కల్ని చూస్తా నిలబడుకున్నాను. అప్పుడైనా బుర్ర వెలగాల. వెలగలేదు.

పెద్దనాయుడు కూడా ఊళ్ళో లేడు. వేలూరులో కూతురి కాన్పని తల్లిని తోడుకోని పోయినాడు. ఆయన ఇంట్లో వంటచేసే కుప్పమ్మ ఒక్కతే ఉండాది. ఆమె దినమ్మూ ఆ సందు తట్టు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తా నన్నే చూస్తా ఉండేది. మొదటి దినం "ఏమక్కా, బాగుండావా" అన్నాను. పలకలేదు. మంచినీళ్ళు అడిగినాను. చెంబు తెచ్చి అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. చెవుడేమో అనుకున్నాను.

పని గురించి చెప్తాను, వినండి. మొదటి మూడు దినాలు కోళ్ళ రెట్టలు కడగడానికీ పాతరంగు గీకడానికీ సరిపోయింది. రేకు మీద తుప్పు గుంటలు పడి ఉండాయి. వాటికి లప్పం పెట్టి, ఆరినాక గరుకు ఉప్పుకాగితం నీళ్ళలో తడిపి రుద్దాల. ఒక్క మడ్‌గార్డుకే ఒక పూట. రుద్ది రుద్ది వేలిముద్రలు అరిగిపోయినాయి. ఇప్పుడు నా చేత ఎవరైనా వేలిముద్ర వేయించుకుంటే కాగితం మీద ఏమీ పడదు. తర్వాత అడుగున వేసే అస్తరు రంగు, మళ్ళా రుద్దడం. తర్వాత వంకాయ రంగు మూడు పూతలు. దుమ్ము పడకూడదని నేల తడిపి, నాలుగు పక్కలా తడి దుప్పట్లు కట్టినాను. ఆ దుప్పట్ల లోపల నేనూ, కారూ, రంగు వాసనా. పక్క కారు కంటికే కనపడదు. సాయంత్రం రైల్లో ఇంటికి పోయేటప్పుడు నిలబడే నిద్రపోయేవాణ్ణి.

పన్నెండో దినం. మైనం పూసి గుడ్డతో తుడుస్తా ఉండాను. కారు ఎట్లుండాదంటే, దాంట్లో చూసుకుని నేను గడ్డం గీసుకోవచ్చు. అంతలో వీధి తట్టు ముందు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చిన్ననాయుడు మద్రాసు నుంచి వచ్చినాడు, తాళం పగలగొట్టించుకోని మరీ.

"ఏమప్పా దేవసహాయం," అని ఆ పక్క నుంచి పిలిచినాడు. గొంతులో కోపముండాది. "పన్నెండు దినాలు ఏం చేసినావు? కోళ్ళు కూడా దిగలేదే."

నేను దుప్పటి వెనక నుంచి గర్వంగా, "పని అయిపోయింది సామీ, ఇట్ల రాండి" అన్నాను.

ఆయన వచ్చినాడు. దుప్పటి పైకెత్తినాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా కారుని చూసినాడు. చూసి మురిసిపోతా ఉండాడు అనుకున్నాను.

"ఇది మా అన్నది," అన్నాడు.

"ఎడమ పక్కది అన్నారు కదా సామీ."

"యాడ నుంచి ఎడమ?"

నేను వెనక తలుపు చూపించినాను. ఆయన ముందు తలుపు చూపించినాడు. ఇద్దరం కారుకి చెరో పక్క కూలబడినాం. మరుసటి పొద్దున పెద్దనాయుడు వేలూరు నుంచి దిగతాడు. ఆ మరుసటి దినమే శనివారం. మళ్ళా ఆకుపచ్చ వేయాలంటే ఇంకో పన్నెండు దినాలు.

కొంచేపటికి చిన్ననాయుడే మెల్లగా అన్నాడు. "రెండు కార్లూ ఒకటే గదా. నాది ఈ పక్కకి తెచ్చి పెడితే, ఆయన ఆకుపచ్చ ఆయనకి ఉంటుంది. నా వంకాయ నాకుంటుంది. ఎవరికి తెలుస్తుంది?"

వద్దని చెప్పాల్సింది నేను. చెప్పే ఓపిక లేదు. తప్పు నాది కదా, దాన్ని కప్పేసే దారి దొరికింది కదా అని తల ఊపినాను. ఆయన కార్లు బయటికి తీసి, దీని చోటులో దాన్ని, దాని చోటులో దీన్ని పెట్టినాడు. నేను స్క్రూలు విప్పి నంబరు పలకలు అటుదిటు మార్చి బిగించినాను. అన్నీ సర్ది, చేతులు కడుక్కుని తల ఎత్తితే, అరుగు మీద కుప్పమ్మ. చింతపండు చాట ఒడిలో పెట్టుకోని చూస్తా ఉండాది.

"ఆమె మాట్లాడదులే సామీ, చెవుడు," అన్నాను.

"ఎవరు చెప్పినారు?" అన్నాడు చిన్ననాయుడు.

మరుసటి పొద్దున జట్కా వచ్చింది. పెద్దనాయుడు దిగినాడు, వెనకే వాళ్ళమ్మ. దిగీ దిగకముందే కుప్పమ్మ ఎదురుపోయింది. పన్నెండు దినాలుగా దాచిపెట్టుకున్నదంతా వరసగా చెప్పింది. నేను ఏ దినం ఏం గీకినాను, ఏ పూట ఏం పూసినాను, మధ్యాహ్నం ఎంతసేపు కునుకు తీసినాను, పలకలు ఎట్ల మార్చినాము, ఒక్కటి వదల్లేదు. నా పని గురించి నాకే అంత బాగా తెలీదు.

"మరి మొదటి దినమే చెప్పుండొచ్చు కదక్కా, ఇది మా అయ్యగారి కారని," అన్నాను.

"ఆ తట్టు మనుషులతో మాట్లాడొద్దని చెప్పినారు కదా," అంది.

పెద్దనాయుడు కొట్టంలోకి పోయి కారు చుట్టూ ఒకసారి తిరిగినాడు. బొట్టనవేలితో రంగుని తాకినాడు. తమ్ముడు రెండడుగుల దూరంలోనే నిలబడి ఉండాడు. పెద్దాయన నా తట్టు తిరిగినాడు.

"అడుగప్పా ఆయన్ని. మా నాయన ఇచ్చిన రంగు తీసేయడానికి ఆయనెవరని."

నేను చిన్ననాయుడి తట్టు తిరిగినాను.

"చెప్పప్పా ఆయనకి, నేను నా కారుకే వేయమన్నానని."

"చెప్పు, మరి పలకలు మార్చింది ఎవరని."

"చెప్పు, మార్చింది నువ్వేనని."

ఈ మాట నేనే నా నోటితో పెద్దనాయుడికి చెప్పాల్సొచ్చింది. "నేనే సామీ" అన్నాను. అప్పుడు ఇద్దరూ కలిసి నన్ను తిట్టినారు. మూడేండ్లలో ఆ అన్నదమ్ములు కలిసి చేసిన పని అదొక్కటే. నేను తల వంచుకోని పలకలు మళ్ళా విప్పి, దేనిది దానికి బిగించినాను.

ఆ ముసలామె మాత్రం ఈ గొడవ ఏదీ పట్టించుకోలేదు. నిదానంగా వంకాయ కారు కాడికి వచ్చి, తలుపు తీయించుకోని లోపల కూర్చుంది. సీటు తడిమి చూసింది.

"నేను రేపు దీంట్లోనే పోతాను," అంది. "ఎవరిదైతే నాకేం. పెద్దోడు నడపాల. చిన్నోడు తోడు రావాల."

ఆమె నన్ను చూసింది. "ఈ రంగాయన కూడా రావాల. నడుమ కూర్చుంటాడు. మీరు మాట్లాడుకోకుండా ఆ మలుపులెట్ల ఎక్కతారు?"

"అమ్మా, నేను చర్చికి పోయేవాణ్ణి, కొండకి నేనెందుకు" అన్నాను.

"నువ్వు దండం పెట్టద్దులే నాయనా. కారులో కూర్చో చాలు."

శనివారం పొద్దున బయలుదేరినాము. ముందు సీటులో చక్రం పట్టుకోని పెద్దనాయుడు, తలుపు పక్క చిన్ననాయుడు, నడుమ నేను. గేరు కర్ర నా మోకాళ్ళ మధ్య. వెనక ఆ తల్లి ఒక్కతే, పూలబుట్ట పక్కన పెట్టుకోని. అలిపిరి దాటినాక ఎత్తు మొదలైంది.

"చెప్పప్పా, గేరు తగ్గించమని," అంటాడు చిన్ననాయుడు.

"గేరు తగ్గించమంటా ఉండాడు సామీ."

"చెప్పు, నాకు తెలుసునని."

"ఆయనకి తెలుసంట సామీ."

"చెప్పు, తెలిస్తే ఇంజను ఎందుకట్ల అరస్తా ఉండాదని."

కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో ఒకటి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. మలుపు మలుపుకీ గేరు కర్ర వచ్చి నా మోకాలిని గుద్దుతుంది. హారన్ కొట్టమని, ఓరగా పొమ్మని, నీ సలహా అక్కర్లేదని, అన్నీ నా నోటి నుంచే పోవాల. ఆరేడు మలుపులకే నా గొంతెండింది. రుద్దుడు పనే దీనికన్నా సుఖం అనిపించింది.

తర్వాతి మలుపు తిరిగినామో లేదో, రోడ్డు బాగుచేసేవాళ్ళు పోసిన రాళ్ళకుప్ప, రోడ్డుకి సగం దాకా. పెద్దనాయుడు ఆ క్షణంలో నాకేదో చెప్తా నా తట్టు చూస్తా ఉండాడు.

"అన్నా, బ్రేకెయ్," అని అరిచినాడు చిన్ననాయుడు.

కారు ఆగింది. రాళ్ళకీ నా వంకాయ రంగుకీ నడుమ జానెడు దూరం. ఇంజను వేడికి టిక్కు టిక్కుమంటా ఉండాది.

"చూసినాను లేరా," అన్నాడు పెద్దనాయుడు.

"యాడ చూసినావు? ఈయన మొగం చూస్తా ఉంటివి."

"నువ్వు నా చెవి తినకుండా ఉంటే రోడ్డే చూసేవాణ్ణి."

"బావి కాడ కూడా ఇట్లే అన్నావు."

"బావి మాట ఎత్తకు. ఆ దినం ముందు నోరు జారింది ఎవరు?"

ఇంక మొదలైంది. బావి, గోడ, నాయన చివరి దినాల్లో ఎవరు పక్కనుండిరి, ఎవరు లేకపోయిరి. మూడేండ్లది మొత్తం నా ముక్కు మీదుగా అటూ ఇటూ పోతా ఉండాది. నడుమలో ఒకసారి పెద్దాయన చక్రం మీదికి తల వాల్చినాడు. చిన్నాయన కిటికీ లోంచి లోయని చూస్తా కండ్లు తుడుచుకున్నాడు. నేను వానలో తడిసిన కోడి మాదిరి ముడుచుకోని కూర్చున్నాను.

వెనక నుంచి ఆ తల్లి నా భుజం మీద తట్టింది.

"నాయనా దేవసహాయం, నువ్వింక దిగు."

"ఈడనా అమ్మా?"

"వాళ్ళు మాట్లాడుకుంటా ఉండారు గదా. నువ్వు నడుమ అడ్డం."

ఆమె చెప్పింది నిజమే. చిన్ననాయుడు తలుపు తీసి దిగి దారిచ్చినాడు, మళ్ళా నేనున్న చోటికి జరిగి అన్న పక్కన కూర్చున్నాడు. ఆ మాటలు ఆపకుండానే.

"తిరిగి ఎట్ల పోయేది అమ్మా?" అన్నాను.

"అంతా వాలే కదా నాయనా," అంది.

కారు కదిలింది. ఎండలో ఆ వంకాయ రంగు ఎట్ల మెరిసిందంటారు. ఎక్కడా ఒక గీత లేదు, ఒక మచ్చ లేదు. మలుపు తిరిగేదాకా చూస్తా నిలబడినాను. తర్వాత నడక మొదలుపెట్టినాను. ఎదురొచ్చిన భక్తులు కొందరు గోవిందా అన్నారు. ఒక ముసలాయన ఆగి, "దర్శనం బాగా అయిందా నాయనా" అని అడిగినాడు. ఆయనకి ఈ కథంతా చెప్పే ఓపిక నాకు లేదు. అయింది అన్నాను.

ఇంటికి చేరేటప్పటికి పొద్దు వాలింది. మా ఇంటామె గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

"నాయుళ్ళ కారులో పోయినావని వీధి వీధంతా చెప్పుకుంటిని. కాళ్ళకి ఆ బొబ్బలేంది?"

"వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు," అన్నాను.

"వాళ్ళు మాట్లాడుకుంటే నీ కాళ్ళకెందుకు బొబ్బలు?"

వేణ్ణీళ్ళు పెట్టమన్నాను.