మామ చేపకు నేను పెట్టిన మోటరు

లోకంలో మూర్ఖులకు కొదవ లేదు. కానీ చిటికెన వేలంత చేపను, అదీ దాని సొంత నీళ్లలోనే, ముంచి చంపబోయిన మూర్ఖుణ్ణి మీరు చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. నా బతుకు ఎలా మునిగిందో చెబుతాను, తీరిగ్గా కూర్చుని నవ్వుకోండి.

తొంభైల మొదట్లో సూర్యాపేటలో నాకు మోటర్ల దుకాణం ఉండేది. బోరు మోటర్లు అమ్మేవాణ్ణి, బిగించేవాణ్ణి. మా దిక్కు రైతులకు ఒక రివాజు ఉంది. పక్క చెలకవాడు ఐదు హార్స్‌పవర్ పెడితే తను ఏడున్నర పెట్టాలి. బోరులో నీళ్లున్నాయా లేవా అన్నది తర్వాతి సంగతి. ఆ గాలిలో పెరిగిన నాకు పెద్ద మోటరే మంచి మోటరన్న జ్ఞానం తప్ప ఇంకొకటి అబ్బలేదు. బుర్ర చిన్నది కాబట్టి ఆ ఒక్కదానితోనే నిండిపోయింది.

మా మామది మిర్యాలగూడ. అక్కడ బియ్యం మిల్లు, తిరుమలగిరి దిక్కు మెట్ట చెలకలు. ఆ చెలకల్లో కొత్తగా బోర్లు వేయించాడు. మోటర్లన్నీ నా దుకాణం నుంచి పోతే నా దశ తిరిగినట్టే. లేదంటే షట్టరు దించి, ఆయన మిల్లులో గుమాస్తాగా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. నా తెలివి మీద ఆయనకు పెళ్లినాటి నుంచీ అనుమానం. ఆయన ప్రాణమంతా ఒక ఫైటర్ చేప మీద. నీలం రంగు, పట్టుచీర కుచ్చిళ్లలాంటి తోక, పేరు నవాబు.

కాశీకి పోతూ ఆ నవాబును గాజు తొట్టితో సహా తెచ్చి మా ఇంట్లో దించాడు.

"అల్లుడా, దీన్ని జర పైలంగ సూడు. నీళ్లు ఊకె ఖరాబైతున్నయి. కోదాడల ఫిల్టర్లు దొరుకుతయట, ఒకటి తెచ్చి పెట్టు. మెల్లగ నడిచేది తేవాలె. దీనికి తోక బరువు, నీళ్లు జోరుగ కదిలితే తట్టుకోదు."

"గంతగనం చెప్పాల్నా మామా? మోటర్లు నాకు కొత్తనా?"

"నీకు మోటర్లు తెలుసు గదా, అందుకే భయం," అన్నాడాయన. "చేప మంచిగుంటే బోర్ల సంగతి వచ్చినంక మాట్లాడుదం."

మెల్లగా నడిచే మోటరట! నా దుకాణానికి వచ్చి అలా అడిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా? మామకు వయసు మళ్లిందని తీర్మానించి కోదాడ బస్సెక్కాను.

రంగు చేపల దుకాణాయన నా ముందు ఒక స్పాంజి ముక్క పెట్టాడు. దానికో సన్నటి గొట్టం.

"ఫైటర్‌కి ఇది చాలండీ. మెల్లగా బుడగలొస్తాయి, మురికంతా స్పాంజికి పడుతుంది. నీళ్లు కదిలినట్టే ఉండవు."

"గిన్నెలు తోమనీకి వచ్చిన్నా నేను? జోరుగ నడిచేది లేదా?"

"ఉందండీ. కానీ అది పెద్ద తొట్లకి. ఫైటర్ తట్టుకోలేదు."

"పేరే ఫైటరు. తట్టుకోకుంటే ఏం ఫైటరయ్యా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "చేప మీదేనాండీ?"

"మా మామది."

"అయితే ఇంకా పెద్దది ఉందండీ," అంటూ లోపలికి పోయాడు.

అందులోని వెటకారం నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. అప్పుడు మాత్రం, మనిషిని చూసి సరుకు చూపించే వ్యాపారి అనుకుని పొంగిపోయాను.

తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, ఇంటికి తెచ్చి పెడితే ఆ ఫిల్టరే సగం తొట్టిని మింగేసింది. స్విచ్చు వేశాను. నవాబు ఒక్కసారి నాకేసి చూసి, వెంటనే కనిపించకుండా పోయాడు. మళ్లీ కనిపించాడు. మళ్లీ పోయాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినవాడు కూడా నాకంటే కొంచెం ఆలోచించి ఉంటాడు.

"ఏమయ్యా, చేప గిర్రున తిరుగుతున్నది!" అని మా ఆవిడ సరోజ కేక వేసింది.

"ఈదుతున్నదే. హుషారొచ్చింది."

"ఈదితే మూతి ముందల ఉండాలె. ఇది తోక ముందల పెట్టి పోతున్నది."

"కసరత్తు చేస్తున్నది. మీ నాయిన దాన్ని కూసోబెట్టి బద్ధకం నేర్పిండు."

పక్కింటి యాదగిరి వచ్చి నోరు తెరిచాడు. "అన్నా, గిసోంటి స్పీడు చేపను నేనెన్నడు సూడలే!"

ఒక గాడిదను ఇంకో గాడిద మెచ్చుకుంటే ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు నాకు తెలిసింది. మేత గింజలు వేస్తే గింజ ముందు, నవాబు వెనక, ఇద్దరూ ఒకే వేగంతో తిరిగేవారు. ఎంత తిరిగినా గింజ నోటికి అందేది కాదు. పాపం, ఆ చేప ప్రాణాలు నిలబెట్టింది మా ఊరి కరెంటు కోతలే. కరెంటు పోయినప్పుడే అది కాస్త తిని, ఒక మూలకు పోయి పడుకునేది. సరోజ ఎన్నిసార్లు స్విచ్చు తీసినా, మోటరన్నాక నడవాలె అంటూ నేను మళ్లీ వేసేవాణ్ణి.

మామ కాశీ నుంచి మిట్టమధ్యాహ్నం దిగాడు. అదృష్టం చూడండి, అప్పుడు కరెంటు లేదు. నీళ్లు తళతళలాడుతున్నాయి. నవాబు మూలన కునుకు తీస్తున్నాడు. ఆయన స్విచ్చుబోర్డుకు వీపు ఆనించి కూర్చుని, తొట్టిలోకి తొంగిచూశాడు.

"ఫిల్టరు పెద్దగున్నది గని నీళ్లు కదుల్తలేవు, మంచిగనే ఉన్నడే! తోక జర చినిగినట్టున్నది?"

"నీ మీద బెంగటిల్లిండు మామా."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్ను నేను తక్కువ జేసి చూసిన అల్లుడా. పో, బోర్ల మోటర్లన్ని నువ్వే పెట్టు. ఎంత సైజు పెట్టాల్నో గది గూడ నువ్వే జెప్పు."

సరోజ నన్ను గిల్లింది. స్విచ్చు ఇంకా వేసే ఉంది!

"మామా, జర ఇటు జరుగు."

"కూసోనియ్యయ్యా. రైల్ల కూసోని కూసోని నడుము పోయింది."

మోటర్లమ్మి బతికేవాడు కరెంటు రావద్దని దేవుడికి మొక్కుకోవడం అదే మొదలు. ఆ దేవుడి పొలంలో కూడా బోరుందేమో, వెంటనే కరెంటిచ్చాడు. ఫ్యాన్ తిరిగింది. ఫిల్టరు గర్జించింది. నవాబు కునుకులోంచే తోక ముందు పెట్టి ప్రదక్షిణలు మొదలుపెట్టాడు.

మామ కాసేపు చేపతో పాటు తల తిప్పుతూ చూశాడు. తర్వాత లేచి ప్లగ్గు పీకాడు. నవాబు మెల్లగా అడుక్కి దిగి, ఊపిరి తీసుకుని, నా వైపు తిరిగి బుగ్గలు పొంగించాడు. ఫైటర్ చేప శత్రువును చూస్తేనే అలా చేస్తుందట.

"చారెడు నీళ్లకు గింత మోటరు పెట్టినవ్," అన్నాడు మామ. "నా బోర్లకు నువ్వు పెడితే తిరుమలగిరి చెలక కొట్టుకపోయి మఠంపల్లి కాడ కృష్ణల పడ్తది."

మోటర్ల పని ఇంకో దుకాణానికి పోయింది. కొన్నాళ్లకు నా షట్టరు దిగింది. మిర్యాలగూడ మిల్లులో చేరిన రోజు మామ నా చేతికి చిన్న చెంబు ఒకటిచ్చి, నవాబు తొట్టి చూపించి అన్నాడు: "నీళ్లు మార్చు. మెల్లగ. ఇగ ఇంట్ల నడిచే మోటరువు నువ్వే."

కాబట్టి పాఠక మహాశయులారా, నవాబు తోక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై చేప ఉన్న గదిలో స్విచ్చు ముట్టను. ముట్టక తప్పకపోతే ముందు చేపను అడుగుతాను. అది బుగ్గలు పొంగిస్తే, చెంబు పట్టుకుంటాను.