ఓబులప్ప నిద్రకు కాపలా

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మార్చురీ పక్క గదిలో కూర్చుని మధ్యాహ్నం అన్నం తిన్న నర్సును నేను. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు.

పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. వాళ్లు ముక్కుకు మాస్కు తగిలించి, గాలి మిషన్ పెట్టుకుని పడుకోవాలి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, పులివెందుల వైపు ఊళ్లు తిరిగి వాళ్లకది అలవాటు చేయడం నా పని. నాలుగు రోజులకే మిషన్ అటకెక్కిస్తారు. బతిమాలో, కసిరో మళ్లీ దించాలి.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఓబులప్ప అలాంటివాడు. అప్పటికే కుడిచెయ్యి పడిపోయింది. మిషన్ వాడకపోతే పక్షవాతం మళ్లీ రావచ్చు, వస్తే మనిషి దక్కడని డాక్టర్ తేల్చి చెప్పాడు. అయినా మాస్కు పీకేసేవాడు.

"ఆ గుయ్యిమనే సప్పుట్లో ఎవడన్నా వస్తే నాకెట్ల ఇనపడ్తాదమ్మా?" అన్నాడొకరోజు, మాట ముద్దగా.

అప్పుడు ఆయన భార్య సుబ్బమ్మ అసలు సంగతి చెప్పింది. పార్టీలు కొట్టుకునే రోజుల్లో ఆ ఇంట్లో కాపలా లేకుండా ఎవరూ కన్ను మూసేవాళ్లు కాదట. మస్తాను అనే మనిషి గడపలో కూర్చుని, కర్రతో బండమీద ఆగి ఆగి తట్టేవాడట. చప్పుడు వినిపిస్తుంటే నిద్రపోవచ్చు, ఆగితే లేవాలి. ఒకరోజు ఆగింది. ఓబులప్ప లేచి తప్పించుకున్నాడు. మస్తానును మాత్రం గడపలోనే చంపేశారట.

"అయితే ఆ కర్ర నువ్వు పట్టు పెద్దమ్మా" అన్నాను.

ఆమె తట్టడం మొదలుపెట్టాక ఆయన మాస్కుతో గంట పడుకున్నాడు, తర్వాత రెండు గంటలు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం వెళ్లాను. వీధిలోకే కర్ర చప్పుడు వినిపించింది. గడప దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అక్కడ ఎవరూ లేరు. కర్ర గోడకు ఆనించి ఉంది. లోపల ఓబులప్ప మాస్కుతో హాయిగా నిద్రపోతున్నాడు.

కాసేపటికి సుబ్బమ్మ రొప్పుతూ వచ్చింది. ఆయనకు కన్నంటుకోగానే మందులకని జమ్మలమడుగు పోయిందట. ఎలక్షన్ మీటింగుకు జనాన్ని తోలడానికి ఆటోలన్నీ పోవడంతో అక్కడే చిక్కుకుపోయిందట. మిషన్‌లో టైము లెక్క చూశాను. మూడు గంటలుగా మాస్కు తీయలేదు.

ఇంతలో ఓబులప్ప లేచాడు. మాస్కు దించి, మమ్మల్ని దాటి గడప వైపు చూశాడు.

"మస్తానుకు సంగటి పెట్నారా?"

సుబ్బమ్మ పళ్లెంలో సంగటి తెచ్చి గడపలో పెట్టింది.

ఆ తర్వాత ఆయన మిషన్ మానలేదు. ఇప్పటికీ బతికే ఉన్నాడు. ఆ చప్పుడు ఎవరిదో నాకు తెలియదు, చెప్పగలిగినవాళ్లూ దొరకలేదు. నా వల్ల కాని పని ఎవరో చేసిపెట్టారు, అంతే. ఆరోజు బయటికి వస్తూ ఆ పళ్లెం పక్కన నేనొక చెంబుతో నీళ్లు పెట్టి వచ్చాను.