వదిన మెట్టు, మరదలి మెట్టు

పొద్దున్న వచ్చీ రాగానే వదిన వేళ్లు ఖాళీలు చెరిపే పనిలో పడ్డాయి. తెర మీద ఉన్నది లిఫ్టు తలుపుల ప్రోగ్రాము. ఏ లైను దేని లోపలిదో తెలియడానికి ప్రోగ్రాములో లైన్లను మెట్లు మెట్లుగా లోపలికి జరిపి రాస్తారు. మెట్టుకు రెండు ఖాళీలు చాలంటుంది వదిన. ఎనిమిది ఉండాల్సిందేనంటుంది మరదలు. మరదలు సేవ్ నొక్కితే, ప్రోగ్రాము రాసుకునే ఆమె ఎడిటరు ఫైలంతా ఎనిమిదికి సాగదీస్తుంది. వదిన కూర్చోగానే మళ్లీ రెండుకు కుదిస్తుంది.

ఆఫీసంటే లిఫ్టులు బాగుచేసే షెడ్డు మీద ఒక గది, అందులో రెండు బల్లలు. వదిన ఒకప్పుడు కింద షెడ్డులో వైర్లు బిగించేది. చెడిపోయిన బోర్డులు విప్పుతూ, దేనికి ఏం చెబితే ఏం చేస్తుందో చూస్తూ, ప్రోగ్రాములు రాయడం తనంతట తానే పట్టేసింది. అలా సంపాదించుకున్న కుర్చీని వదిలేసి మళ్లీ కిందికి పోవాలేమోనన్న దిగులు ఈమధ్య ఆవిడను తొలుస్తోంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

“వదినా, మళ్లీ నొక్కేశావా ఫైలుని? ఊపిరాడక చస్తోంది పాపం!”

“నువ్వు సాగదీస్తే పక్కింటి గోడ దూకుతోంది మరి.”

“విశాలంగా ఉంటే కళ్లకు హాయి.”

“నీ కళ్లకు,” అంది వదిన.

అంతలో మెకానిక్ మెట్లెక్కి వచ్చాడు. ఇద్దరూ ఆయన్ని లిఫ్టు బాబాయ్ అంటారు. ఆసుపత్రి లిఫ్టులో కొత్త ప్రోగ్రాము పెట్టాలి. ఏం మారిందో చూడనిదే ఆయన దేన్నీ లిఫ్టులో పెట్టడు. పాతదీ కొత్తదీ మరదలి తెర మీద పక్కపక్కన పెట్టారు. మారిన లైన్లు ఎర్రగా కనిపించాలి. తెరంతా ఎరుపే; ముందున్న ఖాళీలు మారినా దాని లెక్కలో మారిన లైనే.

“ఇదేంటమ్మా, తట్టు పోసినట్టుంది!”

“మార్చింది ఒక్క లైనే బాబాయ్. స్ట్రెచరు దాటేదాకా తలుపు ఆగాలని.”

“ఒక్క లైనుకి ఇంత ఎరుపా? భోజనం చేసొస్తా. అప్పటికీ తేలకపోతే పాతదే ఉంచేస్తా,” అని దిగిపోయాడు.

“చూశావా నీ పంతం!” అంటూ మరదలు కుర్చీ తిప్పి, వదిన తెరలోకి తొంగిచూసి ఆగిపోయింది. బస్సు బోర్డు మీదున్నంత పెద్ద అక్షరాలు! తన ఎనిమిది ఖాళీలతో ఆ ఫైలు మూడు మెట్లు దిగేసరికి తెర అంచు దాటిపోతుంది.

“ఇంతకాలం ఇలాగా చదివింది?”

“అద్దాలు మార్చినా లాభం లేదమ్మాయ్. చిన్న అక్షరాలైతే అలుక్కుపోతున్నాయి. ఇక కిందికెళ్లి వైర్లు బిగించుకుంటా. అవి తడిమినా తెలుస్తాయి.”

“నోరు తెరిచి చెప్పొచ్చుగా?”

“చెబితే జాలిపడతావు. దానికంటే నీ దెప్పులే నయం.”

“జాలా? నీ మీదా? నువ్వు కిందికి పోతే నేనెవరితో పోట్లాడను?”

వదిన నవ్వి ఎడిటరు సెట్టింగులు తెరిచింది. ఖాళీలు లెక్కపెట్టి ఫైల్లో పొయ్యడం దేనికి? మెట్టుకు ట్యాబు అనే ఒక్క గుర్తు మాత్రం ఉంచితే, అది ఎంత వెడల్పుగా కనబడాలో ఎవరి తెర వాళ్లకు చెప్పుకోవచ్చు. ఎంటర్ కొట్టగానే ఎడిటరే సరైన మెట్టు మీద నిలబెట్టాలి. పొడుగాటి లైను విరిగినప్పుడు మిగతా ముక్కను పై లైనులోని బ్రాకెట్టు కిందికంటా కుడికి లాక్కుపోకుండా ఒక్క మెట్టుతో ఆగాలి. సేవ్ నొక్కితే పాత లైన్ల జోలికి పోకూడదు. ఇవన్నీ ఒక్కొక్కటే రాసి చూసింది. మొదటిసారి, మూసే బ్రాకెట్టు కొట్టగానే వెనక్కి రావాల్సిన లైను ముందుకు ఉరికింది.

“నీ ఎడిటరుకి కూడా వెనక్కి తగ్గడం రాదు వదినా!”

“నోర్ముయ్,” అంటూనే వదిన మరిచిపోయిన మైనస్ గుర్తు పెట్టింది. లైను బుద్ధిగా వెనక్కొచ్చింది. అవే సెట్టింగులు మరదలి ఎడిటరులోనూ పెట్టి, పాత ఫైలునూ కొత్త ఫైలునూ ట్యాబుల్లోకి మార్చింది. ముందున్న ఖాళీలు మారినంత మాత్రాన లిఫ్టు నడకలో తేడా రాదు. అదే ఫైలు మరదలి తెర మీద విశాలంగా, వదిన తెర మీద పొందికగా నిలబడింది.

బాబాయ్ తిరిగొచ్చి తెర దగ్గరికి వంగాడు. ఒక్కటే ఎర్ర లైను.

“తలుపు ఆగే టైము పెంచారు. అంతేనా?”

“అంతే.”

ప్రోగ్రాము ఎక్కించిన పెన్‌డ్రైవు అందుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

“అది మళ్లీ తెచ్చివ్వు బాబాయ్,” అంది వదిన, కుర్చీ ముందుకు లాక్కుంటూ. “వచ్చే ప్రోగ్రాము కూడా నేను అందులోనే ఇస్తా.”